ముఖం లేని స్వీయచిత్రం

కిందటి రమజాన్ నెలకు కొద్ది రోజుల ముందు, డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి కళాశాల నుండి ఒక పని తీసుకొచ్చింది. ప్రతి విద్యార్థీ తన స్వీయచిత్రాన్ని కంప్యూటరు మీద కొలాజ్ పద్ధతిలో తయారు చేయాలి. కుంచె పట్టనక్కర లేదు. తన జీవితానికి సంబంధించిన ఫోటోలు, కాగితాలు, గుడ్డముక్కలు, చేతిరాతలు సేకరించి, తెరమీద ఒకదానిపై ఒకటి అమర్చి, 'ఈమె ఎవరు? ఎక్కడి నుండి వచ్చింది?' అన్నది చూసినవారికి బోధపడేలా చేయాలి. గడువు మూడు వారాలు.

మొదటి వారమంతా ఆ పిల్ల ఏమీ చేయలేదు. గట్టిగా అడిగితే చెప్పింది. "అమ్మీ, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. క్లాసులో కొత్తగా కలిసిన వాళ్లందరూ, నువ్వు ముస్లిమువి కదా, తెలుగు ఇంత బాగా ఎలా మాట్లాడుతున్నావు అంటారు. ఊళ్లో చుట్టాలేమో, ఉర్దూ ఇంత తప్పుగా ఎలా మాట్లాడుతున్నావు అంటారు. ఇద్దరికీ నేను సగమే కనిపిస్తున్నాను."

ఈ పత్రికను తెలుగులో చదువుతున్న కుటుంబాలకు ఆ రెండు ప్రశ్నలూ కొత్తవి కావు. మనలో చాలామందిమి వాటికి నవ్వి ఊరుకోవడం అలవాటు చేసుకున్నాం. కానీ ఆ పిల్ల నవ్వి ఊరుకోవడానికి వీలులేని పరిస్థితి వచ్చింది. సమాధానం బొమ్మగా చూపించాలి. అందుకోసం ఆమెతో పాటు నేను కూడా చదివి తెలుసుకున్న కొన్ని సంగతులను, మా ఇంట్లో జరిగిన ఒక సంఘటనను పాఠకుల ముందుంచుతున్నాను.

బొంత, మురఖ్ఖా

కొలాజ్ అన్నది ఫ్రెంచి మాట. అంటించడం అని దాని అర్థం. 1912లో పారిస్‌లో పికాసో, బ్రాక్ అనే చిత్రకారులు తమ చిత్రాలలో కాగితపు ముక్కలు, ముద్రించిన నూనెగుడ్డ వంటివి అంటించడంతో ఆధునిక చిత్రకళలో ఈ పద్ధతికి పేరు వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధం తరువాత బెర్లిన్‌లో హన్నా హోక్ అనే చిత్రకారిణి పత్రికల్లోని ఫోటోలను కత్తిరించి, అతికించి చిత్రాలు కూర్చింది. ఆమె ప్రసిద్ధ చిత్రం పేరులోనే వంటింటి కత్తి ఉంటుంది. 1919లో మొదలుపెట్టిన ఆ పెద్ద చిత్రంలో కుడివైపు కింది మూలన ఐరోపా పటం ఒకటి అంటించి ఉంది. స్త్రీలకు ఓటుహక్కు వచ్చిన దేశాలను చూపే పటం అది. దాని పక్కనే తన తల ఫోటోను చాలా చిన్నదిగా అంటించుకుంది. గదిలో ఒక మూల నిలబడి, 'నేను ఇక్కడ ఉన్నాను' అని చెప్పినట్టుగా ఉంటుంది అది.

అయితే ముక్కలు కూర్చి ఒక నిండుదనం సాధించే విద్య ఐరోపాలో పుట్టినది కాదు. మన ఇళ్లలో అమ్మమ్మలు పాత చీరలతో, చొక్కాలతో కుట్టిన బొంతలు అదే విద్య. ఇస్లామీయ నాగరికతలో అది రాజాస్థానాల దాకా వెళ్లింది. మురఖ్ఖా అనే అరబ్బీ పదానికి అతుకులు వేసినది అని అర్థం. సూఫీలు ధరించిన అతుకుల అంగీకి ఆ పేరే. తరువాత పారశీక, మొగలు ఆస్థానాలలో చిత్రాలను, అందమైన చేతిరాతలను సేకరించి కూర్చిన సంపుటాలకు కూడా ఆ పేరే స్థిరపడింది.

మురఖ్ఖా తయారీ ఇలా ఉండేది. వేర్వేరు కాలాలలో, వేర్వేరు నగరాలలో తయారైన చిత్రాలను, లిపిఫలకాలను తెచ్చి, అవసరమైన చోట కత్తిరించి, దళసరి కాగితం మీద అంటించి, చుట్టూ అలంకరించిన అంచు వేసేవారు. జహంగీరు కూర్పించిన గుల్షన్ సంపుటం ఇప్పుడు టెహ్రాన్‌లోని గోలెస్తాన్ రాజభవన గ్రంథాలయంలో ఉంది. అందులో పారశీక చిత్రాలు, హిందూస్థానీ చిత్రాలు, ఐరోపా నుండి వచ్చిన ముద్రణ చిత్రాలు, పదహారవ శతాబ్దపు లిపికారుడు మీర్ అలీ హెరవీ చేతిరాతలు కలిసి కనిపిస్తాయి. దారాషికోహ్ తన భార్య నాదిరాబానూ బేగంకు అటువంటి సంపుటాన్నే కానుకగా ఇచ్చాడు. దానిపై ఆయన రాసిన అంకితవాక్యం ఉంది. ఆ సంపుటం లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉంది.

ఈ సంపుటాలలో ఒక విశేషం గమనించాలి. అతికించిన ముక్క ఎక్కడిదో దాచిపెట్టాలన్న ప్రయత్నం ఉండదు. హెరాత్ లిపి హెరాత్ లిపిగానే, ఆగ్రా పువ్వు ఆగ్రా పువ్వుగానే ఉంటాయి. అతుకు పడిన చోటనే బంగారు గీత గీస్తారు. ముక్కలు కలిసినందుకు చిన్నబోయే భావం అందులో లేదు.

ఇది చెప్పినప్పుడు మా అమ్మాయి ముఖంలో మొదటిసారి కాస్త వెలుగు కనిపించింది.

మరో దేశంలో అదే ప్రశ్న

ఆమె అధ్యాపకురాలు చూడమన్న కళాకారులలో అన్నూ పాలకున్నత్తు మాథ్యూ ఒకరు. ఇంగ్లండులో పుట్టి, భారతదేశంలో పెరిగి, అమెరికాలో స్థిరపడి, రోడ్ ఐలండ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేసినవారు. అమెరికాలో ఆమె తాను ఇండియన్‌నని చెప్పినప్పుడు, ఏ ఇండియన్ అన్న సందేహం వచ్చేది. కొలంబస్ చేసిన పొరపాటు వల్ల ఆ ఖండపు ఆదివాసులకు కూడా ఇండియన్లు అన్న పేరే పడింది కదా. అందువల్ల ఆమె ప్రతిసారీ 'ఇండియా నుండి వచ్చిన ఇండియన్‌ను' అని వివరించవలసి వచ్చేది. ఆ వివరణనే ఆమె తన చిత్రమాలికకు పేరుగా పెట్టారు.

పంతొమ్మిదో శతాబ్దం చివరిలోను, ఇరవయ్యో శతాబ్దం మొదటిలోను తెల్లజాతి ఫోటోగ్రాఫర్లు అమెరికా ఆదివాసులను తమకు తోచిన భంగిమల్లో నిలబెట్టి తీసిన ఫోటోలను ఆమె ఎంచుకున్నారు. ప్రతి ఫోటోకు జతగా తాను అదే భంగిమలో, తన దేశపు దుస్తుల్లో నిలబడి ఫోటో తీసుకుని, కంప్యూటరు సాయంతో దానికి కూడా పాతకాలపు రంగు, మరకలు తెచ్చారు. రెండూ పక్కపక్కన చూసినవారికి మొదట నవ్వు వస్తుంది. ఆ వెంటనే ఒక ప్రశ్న వస్తుంది. ఈ భంగిమ ఆ ఆదివాసి ఎంచుకున్నదా, లేక కెమెరా వెనుక నిలబడిన వ్యక్తి ఎంచుకున్నదా?

వాటిలో టామ్ టోర్లినో జత మమ్మల్ని చాలాసేపు ఆపింది. టోర్లినో నవహో తెగకు చెందిన యువకుడు. ఆదివాసి పిల్లలను 'నాగరికులను' చేయడానికి పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో 1879లో స్థాపించిన పాఠశాలలో అతడు 1882లో చేరాడు. చేరినప్పుడు తీసిన ఫోటోలో పొడవైన జుట్టు, చెవులకు లోలకులు, భుజాల మీద దుప్పటి. మూడేళ్ల తరువాత తీసిన ఫోటోలో కత్తిరించిన జుట్టు, కోటు, మెడపట్టీ. పాఠశాల తన ఘనకార్యానికి రుజువుగా ఆ జతను ప్రచారం చేసుకుంది. ఆ రెండు ఫోటోల సరసన మాథ్యూ తన రెండు ఫోటోలను నిలిపారు.

మా అమ్మాయి ఆ జతను చూసి ఇలా అన్నది. "ఇతణ్ణి ఎవరూ నువ్వెవరివి అని అడగలేదమ్మీ. నువ్వు ఇదీ అని చెప్పేశారు." మన సినిమాలలో ముస్లిం పాత్ర తరచుగా వచ్చీరాని తెలుగు మాట్లాడుతూ, తలమీద టోపీతో ఎందుకు కనిపిస్తుందో ఆమెకు అప్పుడు అర్థమైంది. ఇతరులు మనకు ఒక బొమ్మ గీసి ఉంచినప్పుడు, మన స్వీయచిత్రం ఆ బొమ్మకు జవాబుగా నిలుస్తుంది.

ఇదే కోవలో మరో ఇద్దరిని చెప్పుకోవాలి. లాహోరులో 1968లో పుట్టిన రషీద్ రాణా 2002లో షాజహాన్ రూపాన్ని తయారు చేశాడు. దూరం నుండి అది బంగారు చట్రంలో ఉన్న మొగలు సూక్ష్మచిత్రం. దగ్గరకు వెళ్తే అది లాహోరు వీధుల్లోని వాణిజ్య ప్రకటనల బోర్డుల వందలాది చిన్న ఫోటోలు. మన గతవైభవం అనుకునేది ఈనాటి వీధి ముక్కలతోనే మన కంటికి ఆనుతోందని ఆ చిత్రం చెబుతుంది. ఇక వివాన్ సుందరం తన తాతగారు ఉమ్రావ్ సింగ్ షేర్‌గిల్ తీసిన కుటుంబ ఫోటోలను 2001 నుండి కంప్యూటరు మీద కలిపి కొత్త చిత్రాలు కూర్చాడు. ఉమ్రావ్ సింగ్ సంస్కృతం, పారశీకం తెలిసిన పండితుడు, అల్లామా ఇక్బాల్ మిత్రుడు. భార్య హంగేరీ దేశస్థురాలు. కుమార్తె ప్రసిద్ధ చిత్రకారిణి అమృతా షేర్‌గిల్. మనవడి చిత్రాలలో వేర్వేరు వయసుల తండ్రీకూతుళ్లు ఒకే గదిలో ఎదురుపడతారు. అది జరగని కలయిక. కానీ అది కూర్చినదే అని కళాకారుడు దాచలేదు. ఫోటోలను మార్చి జనాన్ని మోసగించే నేటి చెడ్డ అలవాటుకూ, ఈ కళకూ ఉన్న సరిహద్దు అదే.

పొరల మీద పొరలు

ఈ విద్య ఇంటింటికీ రావడానికి కారణం ఫోటోషాప్ వంటి సాఫ్ట్‌వేర్లు. ఫోటోషాప్ 1990లో విపణిలోకి వచ్చింది. 1994లో దానికి పొరల సౌకర్యం చేరింది. ఒకదానిపై ఒకటి పరిచిన పల్చటి మస్లిన్ గుడ్డలను ఊహించుకోండి. ఒక్కో ముక్క ఒక్కో గుడ్డ మీద ఉంటుంది. ఒకదాన్ని జరిపితే మిగిలినవి కదలవు. ఒకదాన్ని పల్చబరిస్తే కింది పొర తొంగిచూస్తుంది. ఒక భాగాన్ని కత్తిరించకుండానే కప్పి ఉంచవచ్చు, మళ్లీ తెరవవచ్చు. తాతముత్తాతల ఉత్తరాల మీద కత్తెర పెట్టనక్కర లేదు. అసలు కాగితం పెట్టెలోనే ఉంటుంది, దాని నీడ మాత్రం చిత్రంలోకి వస్తుంది.

ఇక్కడ మన ఇళ్లలో సహజంగా వచ్చే సందేహాన్ని దాటవేయకూడదు. ప్రాణుల రూపచిత్రణ విషయంలో హదీసులలో హెచ్చరికలు ఉన్నాయి. కెమెరా ఫోటో ఆ పరిధిలోకి వస్తుందా, రాదా అన్న విషయంలో ధర్మపండితుల మధ్య అభిప్రాయభేదం ఉంది. అవసరం మేరకే అనుమతించేవారు కొందరు. అద్దంలోని ప్రతిబింబం వంటిదని భావించేవారు మరికొందరు. ఈ వ్యాసం తీర్పు చెప్పడానికి ఉద్దేశించినది కాదు. ఎవరి కుటుంబం ఏ అభిప్రాయాన్ని అనుసరిస్తుందో దానిని మన్నించవలసి ఉంటుంది. మా ఇంట్లో పరీక్ష అక్కడే ఎదురైంది.

పాస్‌పోర్టు ఫోటో

మా అత్తగారికి డెబ్బై అయిదేళ్లు. ఆమె జీవితంలో ఫోటో తీయించుకున్నది ఒక్కసారే, హజ్ యాత్రకు పాస్‌పోర్టు కోసం. పెళ్లిళ్లలో కూడా కెమెరా ఇటు తిరిగితే ఆమె అటు తిరుగుతారు. మనవరాలు తన చిత్రంలో దాదీ ఉండాలని పట్టుపట్టింది. "నక్కో బేటీ," అన్నారామె. "అల్లాహ్ ఇంటికి పోవడానికి తప్పదంటే తీయించుకున్నాను. నా ముఖం నీ మిషన్లో పెట్టకు."

పిల్ల చిన్నబుచ్చుకుంది. మావారు ఆమె బాధ చూడలేక, "పాస్‌పోర్టు బీరువాలోనే ఉంది. స్కాన్ చేసుకో. దాదీకి ఏం తెలుస్తుంది?" అన్నారు. ఆ మాట విని నేను కూడా వారించలేదు. ఇప్పుడు అది ఒప్పుకోవడం నా ధర్మం.

ఆ రాత్రి స్కాన్ జరిగింది. తెరమీద దాదీ ముఖాన్ని మధ్యలో పెట్టి, చుట్టూ తన ఫోటోలు పెట్టుకుంది. నిజం చెప్పాలంటే చాలా అందంగా వచ్చింది. కానీ సహ్రీకి లేచి చూస్తే పిల్ల నిద్రపోలేదు. "అమ్మీ, టోర్లినోను అడక్కుండా తీశారని నిన్న కోపం తెచ్చుకున్నాను. నేను చేసింది ఏమిటి?" అన్నది. ఆ ఫైలును మా ఎదుటే తుడిచివేసింది. ఫజ్ర్ నమాజు తరువాత దాదీ దగ్గర కూర్చుని జరిగినదంతా చెప్పింది.

మా అత్తగారు చాలాసేపు తస్బీహ్ తిప్పుతూ ఉండిపోయారు. తరువాత లేచి వెళ్లి, మంచం కింది రేకుపెట్టె బయటకు లాగారు. నేను కోడలిగా వచ్చి ఇరవై రెండేళ్లయినా ఆ పెట్టె లోపల ఏముందో చూడలేదు. "ముఖం వద్దన్నాను గానీ నేను వద్దనలేదు కదా. వీటిలో ఏది కావాలో తీసుకో," అన్నారు.

పైన మడతపెట్టిన తేలియా రుమాలు ఉంది. మా అత్తగారి తండ్రిది చీరాలలో రుమాళ్ల వ్యాపారం. నూలును నూనె, బూడిద కలిపిన నీళ్లలో మళ్లీ మళ్లీ నానబెట్టి, ఎరుపు, నలుపు, తెలుపు రంగుల్లో నేసే గుడ్డ అది. చీరాలలోను, పుట్టపాకలోను నేసిన ఈ రుమాళ్లు ఓడలెక్కి అరబ్బు దేశాలకు వెళ్లి, అక్కడి మగవారి తలపాగాలయ్యేవి. దాని కింద మామగారు రాసిన ఉర్దూ ఉత్తరాలు. అట్టడుగున బైండు ఊడిపోయిన ఒక లెక్కల పుస్తకం.

ఆ పుస్తకంలో ఒక పేజీ దగ్గర మా అమ్మాయి ఆగిపోయింది. బియ్యం, చక్కెర, మందులు ఉర్దూలో రాసి ఉన్నాయి. అదే పేజీకి ఎడమవైపు పాల పద్దు మాత్రం తెలుగులో ఉంది. గుండ్రటి అక్షరాలు, నెల పొడుగునా వరుసగా అంకెలు. "దాదీ, ఇది ఒక్కటీ తెలుగులో ఎందుకు రాశావు?" అని అడిగింది.

"పాలావిడ చదువుకోవాలి కదా బేటీ," అన్నారు మా అత్తగారు. "నేను రాసింది ఆమెకు తెలియకపోతే అది లెక్క ఎట్లా అవుతుంది? ఆ అక్షరాలు ఆమె కొడుకు దగ్గరే నేర్చుకున్నాను."

ఆ పిల్లను వేధించిన రెండు ప్రశ్నలకూ జవాబు ఆ పేజీలో దొరికింది. మన ఇళ్లలోకి తెలుగు పక్కింటివారితో లెక్క నిజాయితీగా ఉండాలన్న అవసరంతోనూ వచ్చింది. భాషలలోను, వర్ణాలలోను ఉన్న వైవిధ్యం అల్లాహ్ సూచనలలో ఒకటని అర్-రూమ్ సూరా బోధిస్తుంది. ఆ బోధ మా ఇంట్లో ఒక పాల పద్దు రూపంలో నలభై ఏళ్లకు పైగా పెట్టెలో ఉన్నదని మాకు అప్పుడే తెలిసింది.

చిత్రం చివరకు ఇలా రూపుదిద్దుకుంది. తలకు ఓణీ చుట్టుకున్న ఒక అమ్మాయి ఆకారపు గీత. ఓణీ స్థానంలో తేలియా రుమాలు గళ్లు. భుజాల మీద చీరాల తీరం నుండి జిద్దా రేవు దాకా సముద్రపటం. పటం వెనుక పల్చగా తాతగారి ఉర్దూ ఉత్తరం, దాని మీద మా అమ్మాయి తెలుగు చేతిరాత. ముఖం ఉండవలసిన చోట పాల పద్దు పేజీ.

చేయదలచినవారికి నాలుగు మాటలు

ఇంట్లో పిల్లలతో ఈ పని చేయించదలచినవారికి మా అనుభవం కొంత ఉపయోగపడవచ్చు. పాత కాగితాలను అంగుళానికి 300 చుక్కల స్పష్టతతో స్కాన్ చేస్తే పెద్దవి చేసినా అక్షరం చెదరదు. స్కానర్ లేకపోతే, కాగితాన్ని కిటికీ పక్కన బల్లమీద పరిచి, ఫ్లాష్ లేకుండా, ఫోను సమాంతరంగా పట్టుకుని ఫోటో తీయవచ్చు. జింప్, క్రిటా వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఈ పనికి సరిపోతాయి. పొరలు విడివిడిగా ఉండే ఫైలును ఒక ప్రతి దాచుకోవాలి. లేకపోతే తరువాత మార్చడం కష్టం.

ఖుర్ఆన్ ఆయతులున్న పేజీలను అలంకారంగా ముక్కలు చేసి వాడకపోవడం మర్యాద. పాత పత్రాల మీద ఆధార్, బ్యాంకు, పాస్‌పోర్టు సంఖ్యలు ఉంటే వాటిని పూర్తిగా కప్పివేయాలి. ముఖం ఇస్తే బొమ్మ చేసి ఇస్తామనే తెలియని యాప్‌లకు ఆడపిల్లల ఫోటోలు, పసిపిల్లల ఫోటోలు ఇవ్వకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఫోటోలో ఉన్న మనిషిని అడగాలి. ఫోటో మన బీరువాలో ఉన్నంత మాత్రాన అది మన సొత్తు కాదు, అమానతు.

పద్దు తీరిన రోజు

చిత్రాన్ని కళాశాలకు ఇచ్చే ముందు దాదీకి చూపించాలని మా అమ్మాయి తెరను ఆమె మంచం దగ్గరకు తెచ్చింది. కళ్లు సరిగా ఆనని ఆమెకు ఆ అంకెలు అంత పెద్దవిగా ఎన్నడూ కనిపించలేదు. కళ్లజోడు సర్దుకుని, పెదవులు కదుపుతూ పై నుండి కిందికి కూడుకుంటూ వచ్చారు. చివర ఆగి, మళ్లీ మొదలుపెట్టారు.

"తప్పు కూడాను," అన్నారు. "ఆ నెల పాలావిడకు రెండు రూపాయలు తక్కువ ఇచ్చాను."

మేము నవ్వబోయాం. ఆమె నవ్వలేదు. ఆ కుటుంబం ఇంకా మా వీధి చివరే ఉంటుంది. పాలావిడ ముసలిదై ఇంటిపట్టునే ఉంటోంది. ఈద్ రోజున మా అత్తగారు షీర్ ఖుర్మా గిన్నెతో పాటు ఒక కవరులో ఆ బాకీని, తన మనసు కుదుటపడేందుకు మరికొంత కలిపి, మనవరాలి చేతికిచ్చి పంపారు. మా అమ్మాయి చిత్రపు ప్రతిని కూడా పట్టుకెళ్లింది.

తిరిగి వచ్చి చెప్పింది. ఆ పెద్దావిడ డబ్బును పక్కన పెట్టి, కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని, వేలు పెట్టి ఒక్కొక్క అంకె చదివిందట. చదవడం పూర్తయ్యాక, మధ్యలో ఒక అక్షరాన్ని చూపించి, "మీ నాయనమ్మకు ఈ 'ళ' ఎన్నిసార్లు దిద్దించినా రాలేదు," అన్నదట.